ఘుగ్నీ మూడో ఇల్లు

నవంబరు 9, శనివారం

ఇవాళ్టి నుంచి డైరీ. ఎం.ఏ. ఫిలాసఫీ చదివి, దాంతో ఏం చేయాలో తెలియనివాళ్లు ఏదో ఒకటి రాయకపోతే ఒళ్లు వెచ్చబడుతుందని మా అమ్మ నమ్మకం.

వివరాలు నమోదు చేయడమైనది. పేరు తితిర్. వయసు ఇరవై నాలుగు. ఉద్యోగం సోనార్‌పూర్ రైలుగేటు అవతల, చెరువు గట్టున ఉన్న కుక్కల షెల్టర్‌లో. హోదా సాహిత్య శాఖాధిపతి. శాఖలో ఉన్నది నేనొక్కదాన్నే. ఇల్లు కావాల్సిన కుక్కల గురించి ఫేస్‌బుక్ పేజీలో పది లైన్లు రాసి ఫొటో పెట్టడం నా పని. మిగిలిన సమయంలో శాఖాధిపతి పెంటలు ఎత్తుతుంది.

ఈ వారం నాకిచ్చిన కేసు ఘుగ్నీ. పదమూడు నెలల కుర్రవాడు. ఉడికిన బఠాణీ రంగు ఒళ్లు, మీద కొత్తిమీర చల్లినట్టు ముదురు మచ్చలు. ఘుగ్నీ అంటే మా దగ్గర బఠాణీ కూర. కుక్కలకి పేర్లు పెట్టేది మా వంటమనిషి నిమాయ్‌దా. ఆయన ఆకలేసినప్పుడే పెడతాడు. అందుకే మా దగ్గర లూచీ ఉంది, కచోరీ ఉంది, ఒంటికన్ను రసగుల్లా ఉంది.

ఘుగ్నీ ఆడుకుంటాడు, ఒళ్లో పడుకుంటాడు, చెవి వెనక గోకితే కళ్లు తేలేస్తాడు. ఒక్క తిండి దగ్గర మాత్రం వేరే జీవి. గిన్నె ముందు ఉండగా మనిషి చేయి దగ్గరికొస్తే బిగుసుకుపోతాడు. తల ఎత్తడు. కంటి చివర తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఆ తర్వాత టైమ్ ఇవ్వడు, కరుస్తాడు. పసిగా ఉన్నప్పుడు చేపల మార్కెట్ వెనక తొమ్మిది కుక్కల మధ్య పెరిగాడు. అక్కడ నేర్చిన చదువు.

మొదటి ఇల్లు సాల్ట్ లేక్. ఆ ఇంటాయన ఖాళీ అయిందనుకుని గిన్నె తీశాడు. వేలికి కాటు. తొమ్మిదో రోజు వాపసు. రెండో ఇల్లు హౌరా. తాతగారు, గొంతులో గుచ్చుకుంటుందని నోటి దగ్గరి చేపముల్లు తీయబోయారు. మణికట్టు. ఇరవయ్యో రోజు వాపసు.

మూడోసారి వాపసు వస్తే వెనక వరస. అది కాబేరీదీ పెట్టిన రూలు. ఈ షెల్టర్ నడిపేది ఆవిడే. అంతకుముందు ముప్పై ఏళ్లు నర్సు. వెనక వరస అంటే వెదురుపొద అవతలి గదులు. తిండి ఉంటుంది, మందు ఉంటుంది, ఫొటో ఉండదు. చూడ్డానికి వచ్చినవాళ్లని అటు తీసుకెళ్లం. ప్రస్తుతం ఇరవై ఒక్క కుక్కలు. అక్కణ్ణుంచి ఇంతవరకు ఏదీ ఇంటికి వెళ్లలేదు.

కాబట్టి ఈ ప్రొఫైల్ బాగా రాయాలి.

నవంబరు 10, ఆదివారం. ఉదయం 11

రాశాను. చారిత్రక ప్రాధాన్యం దృష్ట్యా ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను.

"ఘుగ్నీ మహర్షి. ఆశ్రమం: సోనార్‌పూర్. వయసు: పదమూడు నెలలు, ఆత్మ వయసు పదమూడు వేలు. మిగతా వేళల్లో పరమ స్నేహశీలి. భోజన సమయంలో మాత్రం మహర్షి ధ్యానంలో ఉంటారు. తపోభంగం కలిగించినవారికి శాపం తప్పదు. శిష్యుల కోసం ఎదురుచూస్తున్నారు. దక్షిణ: ఒక మెత్తటి దిండు."

ఫొటోలో నుదుటి మీద ఎండ పడింది. నిజంగానే మహర్షిలా ఉన్నాడు.

నవంబరు 11, సోమవారం

నాలుగు వందల పన్నెండు లైకులు. మా పేజీ చరిత్రలో ఇదే రికార్డు. శాఖాధిపతి సమోసాల్లాంటి సింగాడాలు రెండు తిని సంబరం చేసుకుంది.

కాబేరీదీ చదివి, రెండు కాట్లూ ఎక్కడున్నాయని అడిగింది. శాపం అని రాశాను కదా అన్నాను. ఆ శాపానికి ఎన్ని కుట్లు పడతాయో రాయలేదేం అంది. ఇంకా ఏదో అనబోయింది కానీ, పార్వో జబ్బు వచ్చిన నాలుగు కుక్కపిల్లల్ని గోనెసంచిలో ఎవరో గేటు దగ్గర పడేసి వెళ్లారని కబురొచ్చింది. సెలైన్ సీసాలు పట్టుకుని పరుగెత్తింది. వారమంతా అక్కడే.

మళ్లీ అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.

నవంబరు 17, ఆదివారం

శిష్యురాలు దొరికింది.

అణిమా సమాద్దార్. గరియాలో ఉంటుంది. యాభై రెండేళ్లు. ఇంట్లో వండి పదిహేనుమందికి క్యారియర్లు పంపుతుంది, రెండు పూటలా. వచ్చేటప్పుడే ఒక క్యారియర్ తెచ్చింది. మా అందరికీ ఆవపెట్టిన చేప. నేను చాలు అన్నాక రెండు ముక్కలు వేసింది, బాబోయ్ అన్నాక ఇంకొకటి. పదినిమిషాల్లో ఆవిణ్ణి మాసీ అని, సొంత పిన్నిలా, పిలుస్తున్నాను. నిమాయ్‌దా అయితే ఆవిడ రమ్మంటే గరియా వరకు నడిచి వెళ్లేలా ఉన్నాడు.

వెంట తమ్ముడు పోల్టూ బాబు, పోస్టాఫీసు గుమాస్తా. ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు, ఒకే ఇల్లు. నవంబరు మధ్యకే మంకీ క్యాప్ పెట్టేశాడు. కుక్క తనకి అక్కర్లేదని, కుక్కకి కూడా తను అక్కర్లేదని, అక్కకి మాత్రం కావాలట కాబట్టి వచ్చానని చెప్పి బెంచీ చివర కూర్చున్నాడు.

ఘుగ్నీ నేరుగా వెళ్లి మాసీ చీర కుచ్చిళ్లలో తల దూర్చాడు. ఆవిడ ఏడ్చినంత పని చేసింది.

కాగితం చదివి వినిపించాను. రోజూ నడిపించాలి. టీకా ఫలానా తేదీకి. తినేటప్పుడు గిన్నె ముట్టుకోకూడదు, నోటి దగ్గరి నుంచి ఏదీ తీయకూడదు. అన్నిటికీ తల ఊపింది. చివర్న ఆవిడ ఒక్క ప్రశ్న అడిగింది.

"కరుస్తాడా, అమ్మా?"

"ఋషులు కరవరు మాసీ. శపిస్తారంతే."

అందరం నవ్వాం. పోల్టూ బాబు కూడా. సంతకం పెట్టేసింది.

నవంబరు 18, సోమవారం

ఘుగ్నీ గది కడిగేశాను. తడి ఆరేలోపు కొత్త కుక్క వచ్చింది.

నవంబరు 24, ఆదివారం

మాసీ ఫోన్. ఘుగ్నీ మంచం కింద కాదు, మంచం మీదే పడుకుంటున్నాడట. పోల్టూ బాబు చెప్పు ఒకటి నమిలాడట. రెండోది కూడా నమిలితే జత కలుస్తుందని పోల్టూ బాబు అన్నాడట. అంటే ఆయన కూడా పడిపోయాడని అర్థం.

గిన్నె ముట్టుకుంటున్నావా అని అడిగాను. ఛ, దూరంగా కూర్చుని చూస్తానంది. తినేది చూస్తుంటే కడుపు నిండుతుందట.

నిద్ర బాగా పట్టింది.

డిసెంబరు 1, ఆదివారం

పద్నాలుగో రోజు. వాపసు లేదు.

డిసెంబరు 5, గురువారం. సాయంత్రం 4

మాసీ ఫోన్ చేసి, ఊరికే ఒకసారి వచ్చి పొమ్మంది. కాబేరీదీకి చెప్పొద్దంది. ఊరికే అయితే చెప్పొద్దనరు. వెళ్లాను.

కుడిచేతికి కట్టు, మోచేతి దాకా. కత్తిపీట జారిందని తమ్ముడికి చెప్పింది. వీధి చివర డాక్టరుకీ అదే చెప్పింది. కత్తిగాయం అనుకుని ఆయన అయిదు కుట్లు వేశాడు. అరచేతి వైపు పళ్లు దిగిన రెండు చుక్కల మీద అప్పటికే పసుపు మెత్తి, గుప్పిట మూసి కూర్చుందట.

జరిగింది ఇది. నిన్న మధ్యాహ్నం ఘుగ్నీ తింటున్నాడు. గిన్నె సగమైంది. బాణలిలో కాట్లా చేప తలకాయ ఒకటి మిగిలింది. ముళ్లు తీసి, నలిపి, తీసుకెళ్లి గిన్నెలో వేసింది.

"గిన్నె ముట్టుకోలేదు. ఏదీ తీయలేదు. నువ్వు చదివినట్టే చేశాను కదూ? ఇంకొంచెం వేశానంతే."

మూడోసారి వాపసు అయితే వాణ్ణి వెదుర్ల వెనక పెడతారని వాణ్ణి తీసుకెళ్లిన రోజే నిమాయ్‌దా చెప్పాడట ఆవిడకి, ముందు రెండుసార్లు ఎందుకు వాపసొచ్చాడో మాత్రం చెప్పలేదట. అందుకే ఈ కత్తిపీట కథ. ఘుగ్నీ తలుపు పక్కన, చెవులు వెనక్కి వాల్చి, ఆవిడ కట్టు వైపు చూస్తూ పడుకున్నాడు. నేను రాగానే తోక ఒకసారి ఊపి ఆపేశాడు.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. తిరిగొచ్చేటప్పుడు పెరుగు గిన్నె చేతిలో పెట్టింది, ఎడమచేత్తో.

డిసెంబరు 6, శుక్రవారం

చెప్పలేదు.

డిసెంబరు 7, శనివారం. మధ్యాహ్నం

ఇంట్లో భోజనం. అమ్మ గరిటె పట్టుకుని నా పక్కన నిలబడింది. ఎప్పుడూ అక్కడే నిలబడుతుంది. చాలన్నాను. వేసింది. కంచం మీద చేయి అడ్డం పెట్టాను. వేళ్ల మీద నుంచే పప్పు పోసింది. వేడిగా. తలెత్తకుండా, నోట్లో ముద్ద ఉండగానే, నేను ఒక చప్పుడు చేశాను. అమ్మ నవ్వింది, కుక్కల దగ్గర పనిచేసి కుక్కవయ్యావని.

నాకు నవ్వు రాలేదు.

మా ఊళ్లో వడ్డించే చేయి పక్కన లేకుండా ఎవరైనా ఎప్పుడైనా తిన్నారా? తింటున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కన నిలబడతారు, గరిటె దిగుతుంది, వద్దంటే ప్రేమ ఎక్కువవుతుంది. ఇది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. క్యారియర్ తెచ్చిన రోజున మాసీ నా కంచంలో మూడుసార్లు వేసింది. తెలిసీ, తీయకూడదు అని మాత్రమే రాశాను. వేయకూడదని రాయడం నా బుర్రకి తట్టలేదు. నా బుర్ర మహర్షి అనే మాట దగ్గర ఆగిపోయింది.

అసలు సంగతి అది కూడా కాదు. ఆవిడ సూటిగా అడిగింది. నేను జోకేశాను. రెండు కాట్ల సంగతి తెలిస్తే ఆవిడ భయపడేది, అంత దగ్గరికి వెళ్లేది కాదు. లేదా వాణ్ణి తీసుకెళ్లేదే కాదు. ఆ రెండోదానికి భయపడే జోకేశాను.

డిసెంబరు 8, ఆదివారం. ఉదయం 7

మాసీకి ఫోన్ చేశాను. పోల్టూ బాబు ఎత్తాడు. అక్కకి నూట మూడు జ్వరమట, చేయి మోచేయి దాకా ఉబ్బిందట, కత్తిపీటకి తుప్పు ఉండి ఉంటుందట.

తుప్పు కాదని చెప్పాను.

ఆయన ఫోన్ పెట్టేశాడు.

అదే రోజు. మధ్యాహ్నం 2

కాబేరీదీకి చెప్పాను. మాసీని ఆటోలో ఆసుపత్రికి చేర్చాం. కాబేరీదీ డాక్టర్లతో చకచకా చెప్పింది: కుక్క కాటు, నాలుగు రోజులైంది, కుక్కకి టీకాలున్నాయి, పైన కుట్లు వేసి మూసేశారు. కుక్క కాటుని అలా మూసేస్తే విషం లోపలే ఉడుకుతుందట. కుట్లు విప్పారు. నేను వరండాలోకి వెళ్లిపోయాను. వాసన వరండాలోకి కూడా వచ్చింది.

కాబేరీదీ బయటికొచ్చి, నీకు ఎప్పుడు తెలిసిందని అడిగింది. గురువారం అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టింది, పైకి వినపడేలా: శుక్రవారం, శనివారం, ఆదివారం. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

డిసెంబరు 9, సోమవారం

పోల్టూ బాబు ఘుగ్నీని తెచ్చాడు. మూతికి తన గళ్ల తువ్వాలు కట్టి, ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకుని. తిడతాడని సిద్ధంగా ఉన్నాను. తిట్టాడు కూడా, కాసేపు, నన్నే చూస్తూ: చదువుకున్నదానివి, కాగితం రాసేదానివి. తర్వాత తువ్వాలు ముడి విప్పుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు.

"నలభై ఏళ్లుగా ఆవిడ గరిటె కింద తింటున్నా. వీడెందుకు కరిచాడో మా ఇంట్లో నాకొక్కడికే తెలుసు."

కాగితం మీద సంతకం పెట్టాడు. వాపసు: మూడు. ఘుగ్నీ ఆయన వెంట గేటు దాకా వెళ్లాడు. గొలుసు నా చేతిలో ఉందని అక్కడ తెలిసింది వాడికి.

డిసెంబరు 11, బుధవారం

ఆసుపత్రి. మాసీ నా మీద కోపంగా ఉంది, చెప్పినందుకు. మాటిచ్చి తప్పానంది. ముఖం గోడవైపు తిప్పుకుంది. బొటనవేలు వంగడం లేదు. వంగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేరట. పదిహేను ఇళ్లూ వేరే క్యారియర్ చూసుకున్నాయి.

నాకు సరదాగా ఒక్క మాట కూడా దొరకలేదు. కాబట్టి ఉన్నది చెప్పాను.

"మాసీ, నీకంటే ముందు వాడు ఇద్దర్ని కరిచాడు. నాకు తెలుసు. నువ్వడిగినప్పుడు కూడా తెలుసు."

ఇటు తిరగలేదు. సెలైన్ చుక్కలు లెక్కపెట్టాను, అరవై దాకా.

"వాళ్లేం చేశారు?"

"ఒకాయన గిన్నె తీశాడు. ఒకాయన చేపముల్లు తీయబోయాడు."

"నేను తీయలేదే. ఇచ్చాను."

"వాడికి తేడా తెలీదు మాసీ. చేయి వస్తోందంటే, ఉన్నది పోతుందనే తెలుసు."

అప్పుడు ఏడ్చింది. నా మీద కోపంతో కాదు, నా వల్ల కూడా కాదనుకుంటా. ఇన్నాళ్లూ వాడికి ఒక్కపూట కూడా నింపాదిగా అన్నం పెట్టలేదా నేను, అంటూ.

డిసెంబరు 15, ఆదివారం

వెనక వరస. ఏడో గది. కచోరీ పక్కన. ఫొటో తీసేశాం పేజీ నుంచి. లైకులు కూడా పోయాయి దాంతోపాటు.

పొద్దున్నే జనం వస్తే, గేటు చప్పుడికి లేచి నిలబడతాడు. వెదుర్లు అడ్డం. ఎవరి కాళ్లూ కనపడవు. అయినా నిలబడతాడు.

నిమాయ్‌దా అన్నం పెట్టి వెనక్కి తిరక్కుండా పోతాడు. వాడు తినే చప్పుడు మాత్రం నింపాదిగానే ఉంది.

డిసెంబరు 29, ఆదివారం

అణిమా మాసీ వచ్చింది.

బొటనవేలు సగం వంగుతోంది. ఎడమచేత్తో వంట నేర్చుకుంటోందట, నాలుగు ఇళ్లు తిరిగొచ్చాయట. వెనక వరసకి తీసుకెళ్లమంది. రూలు ఒప్పుకోదన్నాను. రూలు పెట్టినావిడనే పిలవమంది.

కాబేరీదీ తీసుకెళ్లింది. ఘుగ్నీ ఆవిణ్ణి చూసి గది ఇనుప జాలీ మీదకి ఎగబాకి, కిందపడి, మళ్లీ ఎగబాకాడు. గుర్తుపట్టాడా అని అడగాల్సిన పనే లేదు. అప్పుడే నిమాయ్‌దా గిన్నె తెచ్చాడు. ఘుగ్నీ ఆవిణ్ణి వదిలేసి గిన్నె మీదకి వెళ్లాడు, వీపు మాకు పెట్టి.

మాసీ మెట్టు మీద కూర్చుంది. ఒక నిమిషం బాగానే ఉంది. గిన్నె సగమయ్యేసరికి ఎడమచేయి దానంతటదే లేచింది. ఖాళీ చేయి. అందులో ఏమీ లేదు. జాలీ వైపు వెళ్తుంటే కుడిచేత్తో, కట్టుతోనే, పట్టుకుంది. తర్వాత లేచి గేటు దాకా గబగబా వెళ్లిపోయింది. చెరువు వైపు తిరిగి నిలబడింది.

వాడిదే జబ్బు అనుకున్నానంది.

జనవరి 5, ఆదివారం

మళ్లీ వచ్చింది. ఈసారి పోల్టూ బాబుతో. వాడు తిన్నంతసేపూ ఉంది. పోల్టూ బాబు పక్కన కూర్చుని, ఆవిడ చేయి లేచినప్పుడల్లా దగ్గాడు. పదకొండుసార్లు దగ్గాడు.

తర్వాత ఆఫీసు గదిలో మాసీ, వాణ్ణి ఇంటికి ఇవ్వమని అడిగింది. నేను అక్కడ లేనట్టు నటించాను. కాబేరీదీ చాలాసేపు మాసీ చేయి పరీక్షించింది, నర్సులాగే, వేలు వేలూ వంచి. వాడు మారడు, ఇలాగే ఉంటాడు, మళ్లీ కరవొచ్చు అంది. తెలుసంది మాసీ.

"మూడు వాపసుల రూలు పెట్టింది, కుక్క సంగతి తెలియనివాళ్ల చేతికి మళ్లీ ఇవ్వకూడదని. నీకు తెలియనిది ఇంకేముంది?"

షరతు ఒక్కటే. ఘుగ్నీ తినేది సామాన్ల గదిలో, తలుపు మూసి, బయట గడియ పెట్టి. గడియ పోల్టూ బాబు వేయాలి, ఆయనే తీయాలి. పోల్టూ బాబు ఒప్పుకున్నాడు. తనక్కూడా అలాంటి గది ఒకటి ఇప్పిస్తారా అని అడిగాడు. అక్క వైపు చూడకుండా అడిగాడు.

కాగితం రాయమని కాబేరీదీ నా ముందు పెట్టింది. కాట్లు ఎన్ని, ఎవరిని, ఎక్కడ, ఎన్ని కుట్లు. మూడో కాటు దగ్గర పేరు రాయాల్సి వచ్చినప్పుడు మాసీ ముఖంలోకి చూశాను. రాసుకో అంది. ఇంటిపేరుతో సహా చెప్పింది.

జనవరి 12, ఆదివారం

వెళ్లాడు. వెనక వరస నుంచి ఇంటికి, మొదటివాడు. నేను సంతోషించాలి. ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

జనవరి 13, సోమవారం. మధ్యాహ్నం 1.10

మాసీ ఫోన్. తింటున్నాడట, తలుపు అవతల. గడియ పోల్టూ బాబు పోస్టాఫీసు నుంచి వచ్చి వేశాడట. తను ఇవతల నిలబడి ఉందట. మెల్లగా అడిగింది, వాడికి వినపడకూడదన్నట్టు.

"సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది, తితిర్?"

ఫోన్ తలుపుకి ఆనించింది. ఖాళీ గిన్నెని నాలుక నాకే చప్పుడు. ఇద్దరం వింటూ ఉండిపోయాం.